మూడక్షరముల సూర్యుడు



వేసవి సెలవులకు పట్టణమునుండి వచ్చిన మనుమడు ఇంగ్లీషు పత్రికలోని నలుపు తెలుపు గళ్ళ చదరమును ముందు పెట్టుకొని, పెన్సిలు కొన కొఱుకుచు, అరుగుమీద గంటలకొలది కూర్చుండుట మీలో పెక్కండ్రు చూచియే యుందురు. దానిని ఇంగ్లీషువారు క్రాస్‌వర్డు అందురు. మనవారు గళ్ళనుడికట్టనియు, పదబంధ ప్రహేళిక యనియు పేరు పెట్టిరి. సోమవారమునాడు ఆ పిల్లవానికి ఎదురైన ప్రశ్న యిది యనుకొందము: "లాటిను భాషలో సూర్యుడు, మూడక్షరములు." మంగళవారము: "పెరూ దేశపు నాణెము, మూడక్షరములు." బుధవారము: "అంగారకునిమీది దినము." గురువారము: "పాటలో అయిదవ స్వరము." శుక్రవారము: "గంజివంటి ద్రవము." అయిదు దినములకును సమాధానము ఒక్కటియే. ఎస్, ఓ, ఎల్ అను మూడక్షరములు గల 'సోల్' అను మాట. అప్పుడా బాలుడు, "తాతయ్యా, సూర్యుడు నాణెమెట్లయినాడు? పాటలోనికి ఎట్లు వచ్చినాడు?" అని అడిగినచో మనమేమి చెప్పవలెను? నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము.

ముందుగా ఈ గళ్ళయాట పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పెదను. లివర్‌పూలు నగరమున పుట్టి అమెరికాకు పోయి స్థిరపడిన ఆర్థర్ విన్ అను పత్రికాసంపాదకుడు, 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీ ఆదివారమునాడు, న్యూయార్క్ వరల్డ్ అను పత్రికలో మొదటి పదచిక్కును ప్రకటించెను. అది నేటివలె చదరముగా గాక వజ్రాకారముగా నుండెను. 1924లో ఇట్టి చిక్కులను కూర్చి తొలి పుస్తకము వెలువడినది. ఆ పుస్తకమునకు ఒక పెన్సిలును కూడ తగిలించి అమ్మిరి. ఈ పెన్సిలు సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను. కడపట దానితో మనకు పని యున్నది. అదే సంవత్సరమున న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ ఆటను వట్టి కాలహరణమని తీవ్రముగా నిందించినది. కాని 1942లో ఆ పత్రికయే తన పుటలలో దీనికి చోటిచ్చినది. లండను టైమ్స్ పత్రిక అంతకు మునుపే, 1930లో, ఇచ్చియుండెను.

ఆట కట్టుబాటు సులభమైనది. ఒక్కొక్క తెల్లగడిలో ఒక్కొక్క అక్షరము వ్రాయవలెను. అడ్డముగా చదివినను, నిలువుగా చదివినను, అక్షరములు కలిసి మాటలు కావలెను. ప్రతి మాటకును ఒక చిన్న ఆధారమిత్తురు. అమెరికా పద్ధతిలో ప్రతి అక్షరమును ఒక అడ్డపు మాటకును, ఒక నిలువు మాటకును చెందియుండును. ఇంగ్లండు పద్ధతిలో ఇంచుమించు సగము అక్షరములు మాత్రమే అట్లు రెండింటికి చెందును. కావున చిక్కును కూర్చువానికి పెద్దమాటల నడుమ సందులు పూరింపగల పొట్టిమాటలు ఎల్లప్పుడును కావలసియుండును. గోడ కట్టువాడు పెద్దఱాళ్ళ నడుమ చిన్నఱాళ్ళను జొనుపుట లేదా? 'సోల్' అట్టి చిన్నఱాయి. రెండు హల్లుల నడుమ ఒక అచ్చు. మూడును ఇంగ్లీషులో మిక్కిలి వాడుకగల అక్షరములే. పైగా దానికి అర్థములు పెక్కు. నేడొక అర్థముతోను, ఱేపు మఱియొక అర్థముతోను ప్రశ్నవేయవచ్చును గదా!

ఇక ఆ అర్థముల సంగతి. ఈ మాటలన్నియు ఒక్క యింటివి కావు. ఒకే పేరుగల నలుగురు మనుష్యులు నాలుగూళ్ళనుండి వచ్చి ఒకే సత్రమున దిగినట్లు, నాలుగు వేర్వేరు వంశములనుండి వచ్చి ఈ మూడక్షరములలో కలిసినవి. ఒక్కొక్కదాని గోత్రము విచారింతము.

మొదటిది సూర్యవంశమే. రోమనుల లాటిను భాషలో 'సోల్' అనగా సూర్యుడు. సూర్యుడును ఒక నక్షత్రమే యని మనకు నేడు తెలియును. మనకు మిక్కిలి దగ్గఱనున్న నక్షత్రమగుటచేత పెద్దదిగా కనబడుచున్నది, అంతియే భేదము. దాని వెలుగు మనలను చేరుటకు 8 నిమిషములకు పైచిలుకు పట్టును. దాని తరువాత మనకు దగ్గఱనున్న నక్షత్రపు వెలుగునకు నాలుగేండ్లకు పైగా పట్టును. రోమనులు ఈ సోల్‌ను దేవతగా కొలిచిరి. 274వ సంవత్సరమున ఆరేలియను అను చక్రవర్తి రోము నగరములో ఆయనకు గొప్ప ఆలయము కట్టించెను. వారములో ఒక దినమునకు 'సోల్ దినము' అని పేరుండెను. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి దానిని విశ్రాంతిదినముగా శాసించెను. మనము ఆదిత్యవారమని మొదలుపెట్టి ఆదివారమని పొట్టిగా పలుకు దినమును అదియే.

ఈ వంశమునకు సంతానము మెండు. వేకువను మన వాకిటినుండి చూచినచో ప్రొద్దు పొడుచు చోటు దినదినము ఉత్తరముగనో దక్షిణముగనో జరుగుచుండును. జూన్ నెలలో ఒకసారియు, డిసెంబరు నెలలో ఒకసారియు కదలక నిలిచినట్లు తోచి, పిమ్మట వెనుకకు మరలును. ఆ సమయమును ఇంగ్లీషువారు 'సోల్‌స్టిస్' అందురు. సూర్యుడు నిలుచుట యని ఆ మాటకు వ్యుత్పత్తి. ఎండకు పట్టుకొను గొడుగు 'పారసోల్'. ఇటలీవారి మాటనుండి వచ్చినది. ఎండను వారించునది యని యర్థము. స్కాండినేవియా దేశముల ప్రాచీనపురాణములలో 'సోల్' అనగా సూర్యదేవత. అయితే వారికి సూర్యుడు స్త్రీ. ఇంగ్లీషువారు పరిహాసముగా 'ఓల్డు సోల్' అందురు, ముదుసలి సూర్యుడన్నమాట.

ఈ వంశములో కడగొట్టు బిడ్డ అంగారకుని దినము. 1976లో వైకింగు అను రెండు అమెరికా యంత్రములు అంగారకునిమీద దిగినవి. ఆ గ్రహముమీద ఒక మధ్యాహ్నమునుండి మఱుసటి మధ్యాహ్నమునకు 24 గంటల 39 నిమిషముల 35 సెకనులు పట్టును. మన దినమునకును ఆ దినమునకును ఒకే పేరుండినచో లెక్కలు తారుమారగును. కావున శాస్త్రజ్ఞులు అక్కడి దినమునకు 'సోల్' అని పేరు వాడిరి. అంగారకుని కాలమునుబట్టి పనిచేయువారు తమ పనివేళను ప్రతి దినమును ఇంచుమించు 40 నిమిషములు వెనుకకు జరుపుకొనుచు పోవలెను. కొన్ని వారములలో పగలు రాత్రియై, మరల పగలగును.

రెండవది నాణెపు వంశము. ఇందు సూర్యునికి పాత్ర లేదు. నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి 'సోలిడస్' అను బంగారు నాణెమును ప్రవేశపెట్టెను. సోలిడస్ అనగా గట్టిది, నిండైనది యని యర్థము. ఆ పేరు ఫ్రాన్సులో అరిగి 'సోల్' అయి, పిమ్మట 'సూ' అయినది. 12 దెనియేలు ఒక సోల్. 20 సోళ్ళు ఒక లీవ్ర్. ఇది వారి పాతలెక్క. మనము చిన్ననాటినుండి వినిన 'సోల్జరు' అను మాటయు ఈ వంశమునకు చెందినదే. సోలిడస్సులు జీతముగా తీసికొని యుద్ధము చేయువాడు సోల్జరు.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశము 1863లో తన నాణెమునకు 'సోల్' అని పేరు పెట్టినది. అక్కడివారి స్పానిషు భాషలో సోల్ అనగా సూర్యుడనియు అర్థమున్నందున, నాణెపు పేరును సూర్యుని పేరును ఒక్కచోట కలిసినవి. వారి పూర్వులగు ఇంకాలు సూర్యుని 'ఇంతి' అను పేరుతో కొలిచిరి. ధరలు మితిమీరి పెరిగి సోల్ విలువ పడిపోగా, 1985లో వేయి సోళ్ళకు ఒక 'ఇంతి' చొప్పున క్రొత్తనాణెము తెచ్చిరి. ఆ ఇంతి విలువయు నిలువలేదు. 1991లో పదిలక్షల ఇంతిలకు ఒక 'క్రొత్త సోల్' చొప్పున మార్చిరి. 2015లో 'క్రొత్త' అను విశేషణమును తీసివేసి మరల ఉత్త సోల్ అనిరి. అనగా నేటి సోల్ ఒకటి పాతసోళ్ళు నూఱుకోట్లకు సమానము. పేరొక్కటియే, విలువ చూచితిరా! చిక్కును విప్పువానికి ఇందొక ఉపకారమున్నది. 'పెరూ నాణెము' అని యడిగినప్పుడు మూడు గళ్ళుండిన సోల్ అనియు, నాలుగుండిన ఇంతి అనియు ఇంగ్లీషు అక్షరముల లెక్కయే చెప్పును.

మూడవది విప్పుటకు సంబంధించిన వంశము. లాటినులో 'సోల్వెరె' అనగా విప్పుట, వదలించుట, కరిగించుట. పదునొకండవ శతాబ్దమున ఇటలీదేశములోని అరెజ్జో యూరివాడగు గీడో అను సన్న్యాసి పిల్లలకు పాట నేర్పుటకు ఒక యుపాయము కనిపెట్టెను. బాప్తిస్మమిచ్చు యోహానుమీది ఒక స్తోత్రములో ఒక్కొక్క పాదభాగము వెనుకటిదానికంటె ఒక్కొక్క స్వరము హెచ్చుగా మొదలగుచుండెను. గీడో ఆ భాగముల మొదటి అక్షరములనే స్వరములకు పేర్లుగా చేసెను: ఉత్, రే, మీ, ఫా, సోల్, లా. అయిదవ భాగము 'సోల్వె', అనగా 'విడిపింపుము', అను మాటతో మొదలగుటచేత అయిదవ స్వరము సోల్ అయినది. మనకిది వింత కాదు. షడ్జము, ఋషభము, గాంధారము, మధ్యమము, పంచమము అను పేర్ల మొదటి అక్షరములనే మనము స, రి, గ, మ, ప అని పాడుచున్నాము. మన పకారమున్న చోటనే వారి సోల్ ఉన్నది.

గంజియు ఈ వంశమునకు చెందినదే. ఒక పదార్థపు మిక్కిలి సన్నని రేణువులు ద్రవములో అడుగుకు దిగక, పూర్తిగా కరగక, వ్యాపించియున్నచో అట్టి ద్రవమును రసాయనశాస్త్రజ్ఞులు 'సోల్' అందురు. 'సొల్యూషను', అనగా ద్రావణము, అను మాటనుండి దానిని పొట్టిగా చేసిరి. వేడి వేడి పలుచని గంజి సోల్. చల్లారి వణకుచు గడ్డకట్టినప్పుడది జెల్. ఆ సొల్యూషను అను మాట సోల్వెరె బిడ్డయే. పాటలోని పంచమమును, కుండలోని గంజియు వరుసకు అన్నదమ్ములని ఎవరు తలంతురు?

నాలుగవది మనుష్యనామము. సొలొమోను అను హెబ్రీ పేరును ఇంగ్లీషు పలుకువారు ముద్దుగా సోల్ అని కుదింతురు. ఆ పేరు శాంతి యను అర్థముగల హెబ్రీ మాటకు సంబంధించినది. దానిని ముక్కలుగా విఱిచి, అందు సూర్యుడు దాగియున్నాడని చెప్పినవారును కలరు. అది చెవికి ఇంపుగా నుండునుగాని నిజము కాదు. హెబ్రీవారి మాటలో లాటిను సూర్యునికి చోటులేదు.

ఇట్లు ఒక్క మాటకు పెక్కర్థములుండుట మనకు క్రొత్త కాదు. అమరము వల్లించినవారికి నానార్థవర్గము తెలియును. 'హరి' అను ఒక్క పదమునకు అమరసింహుడు యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహము, కిరణము, గుఱ్ఱము, చిలుక, పాము, కోతి, కప్ప అని పదుమూడర్థములు చెప్పి, పింగళవర్ణమును కూడ చేర్చినాడు. 'మిత్ర' శబ్దము పుంలింగమైనప్పుడు సూర్యుడు, నపుంసకమైనప్పుడు స్నేహితుడు. నానార్థములు నోటికి వచ్చిన పెద్దమనిషి ఈ గళ్ళయాటలో మనుమనికంటె వెనుకబడనక్కఱలేదు. ఇంగ్లీషు మాటలు వానివి. అర్థములను జల్లించు నేర్పు మీది.

అర్థములిన్ని యున్నప్పుడు సరియైనది ఏదియో తేల్చుట యెట్లు? ఒక్క యుదాహరణము. ఆధారము 'సూర్యుడు' అని మాత్రమే యున్నది, గళ్ళు మూడు. ఇంగ్లీషులో 'సన్' అన్నను మూడక్షరములే: ఎస్, యు, ఎన్. 'సోల్' అన్నను మూడక్షరములే: ఎస్, ఓ, ఎల్. మొదటి యక్షరము రెంటికిని ఎస్ అగుటచే అది సాక్ష్యమునకు పనికిరాదు. ఇప్పుడు రెండవ గడిగుండా పోవు నిలువు మాటను చూడవలెను. దాని యాధారము 'కుక్క' యనుకొందము. కుక్కకు ఇంగ్లీషున డాగ్: డి, ఓ, జి. నడుమ ఓ ఉన్నది. కావున మన గడిలో ఓ తప్ప మఱొకటి పట్టదు. సన్ పోయినది, సోల్ నిలిచినది. సూర్యునికిని కుక్కకును సంబంధమేమియు లేదు. అయినను పొరుగున నున్న కుక్క సూర్యుని పేరు తేల్చినది. మాట తన యర్థమును తాను చెప్పుకొనజాలదు, ఇరుగుపొరుగువారు చెప్పవలెను.

ఇంగ్లండువారు ఇంకొక చమత్కారమును చేయుదురు. మాటను ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క యర్థము చెప్పి, మొత్తమునకు వేఱొక యర్థమిత్తురు. అందొకదానిని మన భాషలో ఇట్లు చెప్పవచ్చును: "సిపాయి ప్రక్కన సూర్యుడు నిలువగా నీడ దొరకినది." విమానమునుండి గొడుగువంటి సాధనముతో దుముకు సిపాయిని వారు 'పారా' అందురు. పారా ప్రక్కన సోల్ చేర్చినచో పారసోల్, ఎండగొడుగు. మన పెద్దలు ఒక్క సమాసమును రెండు విధముల విఱిచి రెండర్థములు చెప్పి సభలను మెప్పించిన విద్యకు ఇది దూరపు చుట్టము.

అయితే ఆట వేఱు, విచారణ వేఱు. గళ్ళకు కావలసినవి అక్షరములు మాత్రమే. వాని గోత్రము గళ్ళకక్కఱలేదు. మనకు మాత్రము అక్కఱ గలదు. రెండు మాటల మోములు ఒక్కతీరుగా నున్నంత మాత్రమున చుట్టములని చెప్పరాదు. సోల్ అను సూర్యుడును, సోల్ అను స్వరమును అక్షరమైన తేడాలేక యుండియు పరాయివారే. మఱి నిజమైన చుట్టము ఎవరు? వినుడు. లాటిను సోల్‌కు నిజమైన చుట్టము మన సంస్కృతములోని 'సూర్య' శబ్దము. 'స్వర్' శబ్దమును అట్టిదే. గ్రీకువారి 'హేలియోస్' కూడ ఆ యింటిదే. రూపమున పోలిక తక్కువ, రక్తమున ఒక్కటి.

దీనికి నిదర్శనమేమి? లాటినులో లకారమున్న చోట సంస్కృతమున రేఫ తఱచుగా కనబడును. లాటినులో 'లూక్స్' అనగా వెలుగు. సంస్కృతమున 'రుచ్' ధాతువు ప్రకాశించుటను చెప్పును. లాటినులో 'లింక్వెరె' అనగా విడిచిపెట్టుట. మన 'రిక్త' శబ్దము దాని చుట్టమే. నాణెపు పేరగు సోలిడస్ సంస్కృతములోని 'సర్వ' శబ్దమునకు జ్ఞాతి; రెండింటను నిండుదనమను భావమున్నది. గ్రీకులో మాట మొదటి సకారము హకారమగును. మన 'సప్త' లాటినులో 'సెప్టెం', గ్రీకులో 'హెప్టా'. అట్లే సూర్య, సోల్, హేలియోస్. ఒక్క మాటలో కనబడినది యాదృచ్ఛికము కావచ్చును. పెక్కుమాటలలో నియమముగా కనబడినది చుట్టఱికము. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలమునుండి పుట్టినవై యుండవలెనని విలియం జోన్సు 1786లో కలకత్తాలో చెప్పినది ఇట్టి పోలికలు చూచియే.

హేలియోస్ పేరు మన సీమకును ఒక సంబంధము కలిగించుకొన్నది. 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు నక్షత్రశాలలోని పోగ్సన్ మచిలీపట్నమునుండి చూచెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో లాక్యరు అను శాస్త్రజ్ఞుడు సూర్యుని వెలుగులో ఒక పసుపుపచ్చని గీతను పరీక్షించి, అది భూమిమీద అప్పటికి ఎఱుగని క్రొత్త మూలపదార్థమునకు గుర్తని నిశ్చయించెను. దానికి హేలియోస్ పేరిట 'హీలియం' అను నామమిడిరి. బెలూనులలో నింపు హీలియం అను వాయువును మన సూర్యశబ్దమును దాయాదులన్నమాట.

మఱి మన తెలుగుమాట 'ప్రొద్దు' సంగతి యేమి? అది ఈ కుటుంబములోనిది కాదు. అరవములో 'పొళుదు', కన్నడములో 'హొత్తు' దాని తోబుట్టువులు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, అరవ కన్నడములతో కూడిన వేఱొక కుటుంబమునకు చెందినదనియు ఎల్లిస్ దొర 1816లోనే చెన్నపట్టణమున నిరూపించెను. ప్రొద్దు అనగా సూర్యుడును, కాలమును కూడ. "ప్రొద్దు పొడిచినది" అన్నప్పుడు ఒకటి, "ప్రొద్దుపుచ్చినాడు" అన్నప్పుడు మఱియొకటి. అది సూర్యుడో, కాలమో చెప్పునది ప్రక్కమాటయే.

ఇదంతయు చదువుకొన్నవారి వినోదమనుకొనవలదు. 'సెంటు' అను మాట తీసికొనుడు. ఆంధ్రసీమలో ఎకరమునకు నూఱు సెంట్లు. పెండ్లికొడుకు ఒంటికి పూసికొనునదియు సెంటే. తెలుగున వ్రాసినప్పుడు రెండింటికి అక్షరభేదము లేదు. కాని భూమి సెంటు నూఱు అను అర్థముగల లాటినుమాటనుండి వచ్చి మన 'శత' శబ్దమునకు చుట్టమైనది. పరిమళపు సెంటు వాసన తెలిసికొనుట యను వేఱొక మూలమునుండి వచ్చినది. తెలంగాణమున 'గుంట' యనగా ఎకరములో 40వ వంతు, గోయియు గుంటయే. 'పాలు' అనగా క్షీరము. పంపకములో భాగమును పాలే. "నా రెండు గుంటలు తమ్మునికి" అని కాగితమున పొట్టిగా వ్రాసి పోయిన తండ్రి, అవి నేల కొలతయో, దొడ్డిలోని యెరువుగోతులో చెప్పక పోయినచో, బిడ్డలు కచేరీమెట్లు ఎక్కుదురు. హద్దులు, సర్వే నంబరు, కొలత, వరుస చెప్పి వ్రాసినచో ఆ మాట కదలదు. గళ్ళలోని అక్షరమునకు నిలువుమాట యెట్టిదో, దస్తావేజులోని మాటకు హద్దులు అట్టివి. అవియే దాని సాక్షులు.

కావున మీ మనుమడు గళ్ళయాట ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు, పని లేదాయని గద్దింపకుడు. వాని ప్రక్కన కూర్చుండి రెండు సంగతులు చెప్పుడు. మొదటిది: తోచిన మాటను వెంటనే సిరాతో వ్రాయవలదు. 1924నాటి ఆ తొలి పుస్తకమునకు పెన్సిలు తగిలించినది అందుకే యుపయోగపడినది. నిలువు సాక్షి వచ్చి అడ్డపు సాక్షితో కలియువఱకు ఏ మాటయైనను చెఱుపుటకు వీలుగా నుండవలెను. రెండవది: ఒక్కతీరు మోము చూచి చుట్టఱికము కలుపవలదు, వేఱు మోము చూచి చుట్టఱికము త్రెంచవలదు. ఇది మాటలకు ఎంత నిజమో, మనుష్యులకును అంత నిజము.

కడపట ఒక్క మాట. చిక్కును పరిష్కరించుటను ఇంగ్లీషువారు 'సాల్వ్' అందురు. అది ఏ వంశమో మీరిప్పుడే చెప్పగలరు: విప్పుట యను అర్థముగల సోల్వెరె వంశము, పాటలోని సోల్‌కును, గంజిలోని సోల్‌కును తోబుట్టువు. మన యవ్వలు రాత్రి వెన్నెలలో పొడుపుకథ వేసి, "విప్పండి, చూతము" అని పిల్లలను అడుగుచుండిరి. వారు లాటిను చదివినవారు కారు, మన మాట లాటినునుండి వచ్చినదియు కాదు. కాని ముడిపడినదానిని లాగి త్రెంపక, ఓర్పుతో విప్పవలెనను తలంపు ఆ దేశమువారికిని ఈ దేశమువారికిని ఒక్కటియే.